పాడుబడిన బంగళా కొనేముందు అది ఎందుకు ఖాళీగా ఉందో తెలుసుకోండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీరు ఉంటున్నది చెన్నై వేళచ్చేరిలో. తిరుత్తణి దాటి పళ్ళిపట్టు వైపు ఒక ఊళ్లో వందేళ్లు దాటిన మేడ, దాని చుట్టూ మూడున్నర ఎకరాల మామిడితోట చూశారు. ఊరివాళ్లు దాన్ని జమీను బంగళా అంటారట. పాతికేళ్లుగా తాళం తీయలేదు, ఒక ముసలాయన కాపలా ఉంటున్నాడు. అమ్మేది ఐదుగురు వాటాదారులు. శుక్రవారం లోపు పది శాతం అడ్వాన్సు ఇవ్వకపోతే వేరే పార్టీకి వెళ్లిపోతుందని బ్రోకరు తొందరపెడుతున్నాడు. అమెరికాలో ఉన్న మీ తమ్ముడు సగం డబ్బు పెడతానన్నాడు. బాగుచేసుకుని శని, ఆదివారాలు ఉందామని, కుదిరితే తర్వాత హోమ్‌స్టే నడుపుదామని మీ దంపతుల ఆశ. కొనవచ్చా అని అడిగారు.

శుక్రవారానికి మాత్రం పైసా ఇవ్వకండి. కొనవద్దని నేను అనడం లేదు. కొనాలనే నాకూ ఉంది, ఎందుకంటే అలాంటి ఇళ్లు ఇంకో ఇరవై ఏళ్లకు మిగలవు. నేను సివిల్ ఇంజనీరుని, మద్రాసులోనే పుట్టి పెరిగాను, ఇరవై ఆరేళ్లుగా పాత ఇళ్ల మరమ్మతులే చేస్తున్నాను. ఆ చుట్టుపక్కలే నాకూ ఇలాంటి ఇల్లు ఒకటి ఉంది. నేను చూసినంతలో మంచి ఇల్లు ఊరికే ఖాళీ పడదు. ఇంట్లోవాళ్లకు పొసగకైనా ఉండాలి, ఇంట్లోకి నీళ్లు దిగైనా ఉండాలి. చాలా ఇళ్లలో ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చినవే. డాబా కారడం మొదలైనప్పుడు ఎవరి డబ్బుతో బాగుచేయించాలో అన్నదమ్ముల మధ్య తేలలేదు, రెండు వానాకాలాలు గడిచాయి, పెద్దామె పోయాక తాళం పడింది. మీ బంగళాకు ఏ సంవత్సరం తాళం పడిందో, ఆ సంవత్సరం ఆ ఇంట్లో ఏం జరిగిందో ముందు కనుక్కోండి. ఎదురింట్లో డెబ్బై దాటిన ఆవిడ ఎవరైనా ఉంటే బ్రోకరు లేకుండా వెళ్లి కూర్చుని మాట్లాడండి. వకీలు చెప్పలేనిది ఆవిడ చెబుతుంది.

కాగితాల విషయంలో మీకు ఒక అనుకూలత ఉంది. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దుల మార్పు చట్టంతో ఆ రోజున మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అందుకని అక్కడి పాత దస్తావేజులు నేను చూసినవాటిలో చాలావరకు తెలుగులోనే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో వచ్చే ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, సాధారణంగా 1975 నుంచే ఉంటుంది. అంతకు ముందుది రిజిస్ట్రారు ఆఫీసులో అర్జీ పెట్టి చేత్తో వెతికించుకోవాలి. తెలుగు రాని వకీలు ఆ పాత కాగితాలను ఎవరిచేతనో చదివించుకుని నాలుగు ముక్కల సారాంశం రాస్తాడు. మీరు సొంతంగా చదవండి. గొలుసుకట్టు రాత మొదటి రోజు ఒక్క ముక్క అర్థం కాదు, మూడో రోజుకి కళ్లకు అలవాటవుతుంది.

నా ఇంటి 1931 నాటి క్రయపత్రం అలాగే చదివాను. "నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములను అష్టభోగ స్వామ్యములతో" అని, అంటే నేలలోని నిధి, నీరు, రాయి సహా అన్ని హక్కులతో అని, ఆ కాలంలో అందరూ రాయించుకునే వాక్యమే ఉంది. దాని కింద హద్దులు. పడమటి హద్దు దగ్గర "బావితో సహా, బావికి అవతల చెరువుకు పోవు బాట" అని ఉంది. ఇప్పటి పట్టాలో, కొలతల నక్షాలో ఆ బావి నా స్థలంలో లేదు, పోరంబోకు బాటలో పడింది. 1980ల్లో తమిళనాడులో రెవెన్యూ రికార్డులు తిరగరాసిన యూడీఆర్ సర్వేలో ఇలాంటి తప్పులు కోకొల్లలు. ఆ ఒక్క తెలుగు వాక్యాన్ని ఆధారంగా పెట్టి అర్జీ ఇస్తే, పద్నాలుగు నెలలు తిరిగాక బావి నాకు వచ్చింది. వకీలు సారాంశంలో ఆ బావి ఊసే లేదు. అన్నట్టు, దస్తావేజులో నిధి నిక్షేపాలు కూడా అమ్మినట్టే రాసినా తవ్వకాల్లో పాత నాణేలో బిందెలో దొరికితే అవి మీవని దాచుకోకూడదు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. పది రూపాయల విలువ దాటిన ఏ నిధి దొరికినా కలెక్టరుకు తెలపాలి.

ఇక ఆ ఐదుగురు వాటాదారులు. ఆ లెక్కను నమ్మకండి, వంశవృక్షం మీరే గీయండి. చివరి యజమాని ఎప్పుడు పోయారు, వీలునామా ఉందా, ఎందరు పిల్లలు, వాళ్లలో పోయినవాళ్ల పిల్లలు ఎక్కడున్నారు అని ఒక్కొక్క గడీ నింపుకుంటూ రండి. 1956 జూన్ 17 తర్వాత వీలునామా లేకుండా పోయిన హిందువు స్వార్జితంలో భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వాటా. కూతురు ముందే పోయి ఉంటే ఆమె వాటా ఆమె పిల్లలది. పిత్రార్జితంలో కూతుళ్లకు పుట్టుకతో హక్కు తమిళనాడులో 1989 సవరణతో, అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకు మాత్రమే వచ్చింది. 2005 కేంద్ర సవరణతో పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ వచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పక్కాగా జరిగిపోయిన పంపకాలను మాత్రం ఆ సవరణ కదపదు. "ఆడపిల్లలకు పసుపు కుంకుమ కింద ఎప్పుడో ఇచ్చేశాం, వాళ్లు రారు" అనే మాట మీకు తప్పకుండా వినిపిస్తుంది. వాటా వదులుకున్నట్టు రిజిస్టరయిన విడుదల పత్రం చూపించమనండి. అది లేకపోతే ఆ ఆడపడుచు సంతకం కావలసిందే.

ఇది నాకు అనుభవం. నేను కొన్నప్పుడు ఐదుగురు సంతకాలు పెట్టారు. వారసుల ధ్రువపత్రంలోనూ ఐదు పేర్లే. మూడేళ్ల తర్వాత, డాబా పని పూర్తయి సున్నం వేయిస్తున్న రోజుల్లో, పుత్తూరు నుంచి ఒకావిడ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. గేటు బయటే నిలబడి సంచిలోంచి ఒక గ్రూప్ ఫొటో తీసింది. మా ఇంటి వసారాలో, ఎడమ నుంచి రెండో స్తంభం పక్కన, రెండు జడలతో ఎనిమిదేళ్ల పిల్ల. "మా అమ్మండి" అంది. ఆ స్తంభం మీద బొడిపె విరిగిన చోటు ఫొటోలోనూ అలాగే ఉంది. ఆమె తల్లి పెద్దలకు ఇష్టంలేని పెళ్లి చేసుకుందట, అప్పటినుంచి ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. దావా వేసింది. నేను పోట్లాడలేదు. ఆమె అడిగింది న్యాయమే. ఆరో వాటాకు ఆనాటి ధర లెక్కగట్టి ఇచ్చి రాజీ చేసుకున్నాను. నేలకు వేయించాలనుకున్న ఆత్తంగుడి పలకల డబ్బు అలా వెళ్లింది. ఏడేళ్ల పాటు గచ్చు లేకుండానే తిరిగాం. ఆమె ఇప్పటికీ సంక్రాంతికి వస్తుంది.

అందుకే అగ్రిమెంటుకు ముందు, అభ్యంతరాలుంటే చెప్పమనే పేపరు ప్రకటన ఒక్క తమిళ పత్రికలో వేసి ఊరుకోకండి. చిత్తూరు, తిరుపతి వైపు వచ్చే తెలుగు పత్రికలోనూ వేయండి. ఆ ఊళ్ల ఆడపడుచులు నగరి, పుత్తూరు, చిత్తూరు వైపే ఇచ్చి ఉంటారు. తమిళనాడులో 2012 డిసెంబరు నుంచి అమ్మకపు అగ్రిమెంటును కూడా రిజిస్టరు చేయించాలి. తెల్లకాగితం మీద రాసుకుని అడ్వాన్సు ఇస్తే మీ చేతికి మిగిలేది ఆ కాగితమే. ఐదుగురిలో ఎవరైనా పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెడుతుంటే, ఆ పవర్ ఇచ్చిన మనిషి సంతకం రోజున బతికి ఉన్నట్టు రుజువు తీసుకోండి. మనిషి పోతే పవర్ పోయినట్టే. మైనరు వాటా ఉంటే కోర్టు అనుమతి తప్పనిసరి. లేకపోతే ఆ పిల్లవాడు పద్దెనిమిది నిండాక మూడేళ్ల లోపు వచ్చి అమ్మకాన్ని కొట్టేయించగలడు.

నేల గురించి కొంచెం. ఆ ప్రాంతం పూర్వం కార్వేటినగరం జమీందారీలోది. 1948 ఎస్టేటుల రద్దు చట్టం కింద, జమీను పాలనకు కచేరీగా, అంటే ఆఫీసుగా మాత్రమే వాడుకున్న కట్టడాలు ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. కాపురం ఉన్న ఇళ్లకు ఆ చిక్కు లేదు. ఊళ్లో జమీను బంగళా అంటారు కాబట్టి అది కచేరీనా కాపురమా అన్నది తేల్చుకోండి. జమీను రద్దయ్యాక చేసిన సెటిల్‌మెంటు నాటి భూమి రిజిస్టరు ప్రతి తీయిస్తే తెలుస్తుంది. ఇల్లున్న స్థలం గ్రామ నత్తం, అంటే ఊరి నివాస స్థలం కావచ్చు, తోట వేరే సర్వే నంబరు కావచ్చు. రెండింటి పత్రాలూ విడివిడిగా చూడండి. దేవస్థానం భూమి అయితే దేవాదాయ కమిషనరు అనుమతి లేని అమ్మకం చెల్లదు. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ నివేదిక తర్వాత 1892 నుంచి దళితులకు ఇచ్చిన పంచమి భూములు ఆ జిల్లాల్లో చాలా చోట్ల ఉన్నాయి. వాటిని వేరేవాళ్లు కొనకూడదు, చట్టం అలా ఉన్నా లేకపోయినా నేనైతే కొనను. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం ఏదైనా దగ్గర్లో ఉంటే వంద మీటర్ల లోపు కొత్త కట్టడం కుదరదు, ఆపైన ఇంకో రెండు వందల మీటర్ల దాకా అనుమతి కావాలి. తోటలో చాలాకాలంగా కౌలు చేసుకుంటున్నవాళ్లుంటే 1955 కౌలుదారుల రక్షణ చట్టం వాళ్ల పక్షాన ఉంటుంది. మీరు చెప్పిన ఆ కాపలా ముసలాయనతో మొదటే మాట్లాడుకుని, ఆయన ఎక్కడ ఉంటాడో, నెలకు ఏమిస్తారో తేల్చి రాసుకోండి. పాతికేళ్లు ఆ ఇంటి కిటికీలు ఊడిపోకుండా చూసింది ఆయనే కదా.

మీ తమ్ముడి డబ్బు విషయం. ఆయన ఎన్నారై అయితే వ్యవసాయ భూమి, తోట, ఫార్మ్‌హౌస్ తన పేరున కొనకూడదు, విదేశీ మారకపు నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా వస్తే వేరు. కాబట్టి ఉమ్మడి రిజిస్ట్రేషన్ ఆలోచన మానుకోండి. ఆయన మీకు ఇవ్వదలచుకుంటే ఎలా ఇవ్వాలో ఆడిటరును అడిగి చేయండి. అలాగే అమ్మేవాళ్లలో విదేశంలో ఉన్నవారు ఎవరైనా ఉంటే వాళ్లకిచ్చే డబ్బులోంచి పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత కొనే మీదే. ఇక్కడివాళ్లకు పట్టే ఒక శాతం లెక్క వాళ్లకు వర్తించదు.

ఇప్పుడు నీళ్లు. ఇది నా పని కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

మీరు పంపిన వర్ణన ప్రకారం అది మద్రాసు టెర్రస్. గోడ నుంచి గోడకు టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా వాసాలు, వాసాల మీద పలుచని చిన్న ఇటుకలు అంచుమీద నిలబెట్టి ఐమూలగా సున్నంతో పేర్చి ఉంటాయి. దాని మీద ఇటుక జల్లి, సున్నం కలిపిన కాంక్రీటు మూడు నాలుగు అంగుళాలు, ఆపైన బిళ్ల పెంకులు. కింద సెంట్రింగ్ లేకుండానే ఆ ఇటుకలు కట్టేవారు, తడి సున్నాన్ని ఇటుక పీల్చుకునే వేగం మీదే నిలబడేది. ఈ డాబా సరిగ్గా చూసుకుంటే నూట యాభై ఏళ్లు ఉంటుంది. దాన్ని చంపేది ఒక్కటే, గోడలో దిగిన దూలం కొన. దూలం నడిమి భాగం గాలి తగిలి బాగానే ఉంటుంది. పిట్టగోడ మొదట్లో పగులు వచ్చి, వాననీరు గోడలోకి దిగి, ఆ నీళ్లలో దూలం కొన ఏళ్ల తరబడి నానుతుంది. కింద నిలబడి పైకి చూసేవాడికి నల్లటి గట్టి టేకు కనిపిస్తుంది, ముచ్చట పడతాడు.

మీరు ఇలా చూడండి. నిచ్చెన వేసుకుని, టార్చి పట్టుకుని, దూలం గోడను కలిసే చోట పొడుగాటి స్క్రూడ్రైవరు ఆనించి అరచేత్తో నెట్టండి. మంచి టేకులో మొన దిగదు, గీత పడుతుంది అంతే. చెడిందైతే తడిసిన అట్టలోకి దిగినట్టు రెండు అంగుళాలు మెత్తగా వెళ్లిపోతుంది, తీస్తే గోధుమరంగు పొడి రాలుతుంది. సుత్తితో తట్టినా తెలుస్తుంది, గట్టి కొన టంగుమంటుంది, చెడింది బొయ్యిమంటుంది. ప్రతి దూలానికీ రెండు కొనలూ చూడండి, కాగితం మీద నంబర్లు వేసి రాసుకోండి. పదహారు దూలాల్లో నాలుగు కొనలు పోతే అది మరమ్మతు. చెడిన కొన కోసి, పాత టేకుతోనే అతుకు వేసి, ఇనుప పట్టీలు బిగించి, కింద రాతి దిమ్మ పెట్టొచ్చు. పన్నెండు పోతే డాబా మొత్తం దింపి మళ్లీ కట్టాలి. అప్పుడు ధర ఆ లెక్కన మాట్లాడాలి. కొన్ని గదుల్లో టేకు బదులు ఇనుప గర్డర్లు ఉంటాయి, వాటి మీద డార్మన్ లాంగ్ అని ఇంగ్లండు కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఆ ఇనుముకూ గోడలో దిగిన కొన దగ్గరే తుప్పు.

ఈ పరీక్ష ఎండాకాలంలో చేయకండి. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలవి. బ్రోకర్లు అలాంటి ఇళ్లను మాఘ, ఫాల్గుణాల్లో చూపిస్తారు, మామిడి పూత మీద ఉంటుంది, గోడలు ఎండి ఉంటాయి. కార్తీకంలో ఒక రాత్రి గట్టివాన పడ్డాక తెల్లవారి వెళ్లండి. నీళ్లు ఎక్కడ కారుతున్నాయో, పెరట్లో ఎటు పారుతున్నాయో, గోడ మొదట్లో తడి ఎంత ఎత్తు ఎక్కిందో అంతా కళ్లముందు ఉంటుంది.

గోడల్లో ఒకటి చూడండి. కింది భాగంలో ఎవరైనా సిమెంటు పూత వేశారా? వేసి ఉంటారు. సున్నపు గోడ నేలలోంచి తడిని పీల్చుకుని సున్నపు పూతలోంచి బయటికి వదిలేస్తుంది, అలా వందేళ్లు బతుకుతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. తడి ఇంకా పైకి ఎక్కి, దాంతో వచ్చిన ఉప్పు ఇటుక మొహాన్ని లోపలినుంచి పొట్టులా రాలగొడుతుంది. నా దగ్గరికి వచ్చే పాత ఇళ్లలో గోడలు పాడయింది కాలం వల్ల కంటే ఈ సిమెంటు వల్లే ఎక్కువ. దాన్ని చెక్కి తీసేసి, గోడను ఒక ఎండాకాలమంతా బట్టబయలుగా వదిలేసి, ఆ తర్వాతే సున్నం పూయాలి. ఆగలేక వెంటనే పూస్తే రెండో ఏడు మళ్లీ ఉబ్బుతుంది. ఏ కాంట్రాక్టరైనా "సిమెంటు కలపకపోతే నిలవదు సార్" అన్నాడంటే మంచివాడే కావచ్చు, ఈ పనికి మాత్రం పనికిరాడు.

గోడల్లో పెరిగిన రావి మొక్కల్ని పీకకండి. వేరుతో పాటు గోడ వస్తుంది. మొదలు దగ్గర కోసి, మొద్దులో కన్నాలు పెట్టి కలుపు మందు పోసి, వేరు చచ్చేదాకా ఆగి, ఆ తర్వాత సందుల్లో సున్నపు గారె ఎక్కించాలి.

సున్నం పనివాళ్లు తగ్గిపోయారు కానీ లేకుండా పోలేదు. గుడుల జీర్ణోద్ధరణలో పనిచేసినవాళ్లను, కారైక్కుడి వైపు చెట్టినాడు ఇళ్లు చేసినవాళ్లను వెతకండి. పాత కట్టడాలను కాపాడే సంస్థ ఇంటాక్ చెన్నై విభాగం వాళ్లను అడిగితే దారి చూపుతారు. సున్నం ముందుగానే గోతిలో నానబెట్టి మగ్గనివ్వాలి, గానుగ ఆడించాలి. కరక్కాయలు దంచి బెల్లంతో నీళ్లలో నానేసి, పులిసిన ఆ నీటిని డాబా మీద చల్లుతూ చెక్క కొట్టుడు బద్దలతో రోజుల తరబడి కొట్టాలి. మా డాబాకు ఎనిమిదిమంది ఆడవాళ్లు వరుసగా గొంతుక్కూర్చుని కొట్టారు. మొదటి రోజు దెబ్బ చప్పగా, తడి నేల మీద కొట్టినట్టు వినిపించింది. నాలుగో రోజు సాయంత్రం చప్పుడు మారింది, రాయి మీద కొట్టినట్టు కంగుమంది. మేస్త్రీ అక్కడే పని ఆపించాడు. ఆయన ఏ మీటరూ చూడలేదు, చెవితోనే చెప్పాడు. తర్వాత వచ్చిన తుపానుకు చుక్క దిగలేదు.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. స్టాంపు డ్యూటీ ఏడు శాతం, రిజిస్ట్రేషన్ రెండు శాతం పక్కన పెట్టుకోండి. బ్యాంకు లోను మీద ఆశ పెట్టుకోకండి, వాళ్ల వాల్యుయేషన్‌లో ఆ మేడకు విలువ దాదాపు సున్నా, తోట వ్యవసాయ భూమి. చేతిలో ఉన్న మొత్తం కొనడానికే పోతే కొనకండి. మొదటి ఏడు డాబా, నీటి తూములు, పిట్టగోడలు, చెదలు, రావి మొక్కలు, కొత్త వైరింగు, ఒక్క గది, ఒక్క బాత్రూము, అంతే. నేల పలకలు, రంగులు, చెక్కిన తలుపులు మూడో ఏడు చూసుకోవచ్చు. కొత్తగా కొన్నవాళ్లు తిరగేసి చేస్తారు, ముందు వసారాకు పాలిష్ పట్టించి ఫొటోలు తీస్తారు, నవంబరులో ఆ పాలిష్ మీద డాబా పెళ్ల ఊడి పడుతుంది. హోమ్‌స్టే మాట నాలుగో ఏడు ఆలోచించండి.

బ్రోకరుతో ఇలా చెప్పండి: వంశవృక్షం, 1960కి ముందు కాగితాల నకళ్లు, ఈసీ చేతికి వచ్చాక, ఒక వాన చూశాక మాట్లాడతాం అని. వేరే పార్టీ పట్టుకుపోతే పోనివ్వండి. ఇరవై ఐదేళ్లు అమ్ముడుపోని ఇల్లు ఈ శుక్రవారానికి అమ్ముడుపోయే అవకాశం తక్కువ. ఈలోగా దూలాల కొనల ఫొటోలు, మీరు గీసిన వంశవృక్షం పంపించండి, నేను చూసి చెబుతాను. దస్తావేజులో గొలుసుకట్టు అర్థంకాని చోటు ఉంటే ఆ పేజీ కూడా పంపండి.